వన్స్‌మోర్ మీద పన్ను

చిట్టెల్ల కోదండపాణి చచ్చిపోవడంలో చేయి తిరిగిన మనిషి. పెదపూడివాడ టౌన్‌హాలులో ఆయన చచ్చినంత అందంగా ఆ చుట్టుపక్కల ఇంకెవరూ చావలేరని చెప్పుకునేవారు. 'రత్నకేతు రాజ్యత్యాగం' నాటకం ఆఖరి రంగంలో, రాజ్యం దానమిచ్చేసి అడవులపాలైన మహారాజు వేషంలో ఆయన "నిర్దయ కాలమా!" అని ఎత్తుకుని, కానడ రాగంలో ఓ ఆలాపన లాగి, చెయ్యి ఆకాశానికీ కాళ్లు హాలువైపూ చాపి తాపీగా ప్రాణం వదిలేవాడు. ఆయన ప్రాణం పోవడమూ, హాలుకు ప్రాణం లేచిరావడమూ ఒక్కసారే జరిగేవి.

"వన్స్‌మోర్!"

అంతే. చచ్చిన రాజు లేచి కూర్చునేవాడు. ఊడబోయే మీసం ఒత్తుకునేవాడు. హార్మోనిస్టు గాబ్రియేలు వైపు చూసి, అరశ్రుతి పెంచమని కనుబొమ్మ ఎగరేసేవాడు. మళ్లీ అదే పద్యం, అదే చావు, అదే కేక. పద్యనాటకాల ఊళ్లో పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. బాగా పాడినవాణ్ని ఓ పట్టాన చావనివ్వకపోవడమే అక్కడి రసికత. రాత్రి నాటకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే "బాగుంది" అని చెప్పరు. "ఐదు చావులు చచ్చాడు" అంటారు. మన్నాడు పొద్దున కోదండపాణి కాఫీ హోటల్లో కూర్చుంటే, పక్క బల్ల మీంచి ఆ మాట వినపడాలి. వినపడితే ఇడ్లీ లోపలికి దిగేది, లేకపోతే చట్నీ కూడా అడ్డుపడేది.

అన్నట్టు ఆ నాటకంలో రత్నకేతు ఒక్కడు కాదు, ఇద్దరు. రాజ్యం ఉన్నంతసేపూ కోదండపాణి. అడవికి పోయాక మద్దాలి పరంజ్యోతి. ఒకే వేషం ఇద్దరు ముగ్గురు పంచుకోవడం ఆ నాటకాల ఆచారం. ప్రేక్షకులు అడ్డుచెప్పరు. అడవిలో పండ్లు తిని బక్కచిక్కిన పరంజ్యోతి, చావు దగ్గరపడేసరికి మళ్లీ కోదండపాణిలా బొద్దుగా మారిపోయేవాడు. చావు రంగంలో వన్స్‌మోర్‌లు పండుతాయి గనుక, సమాజం యజమాని గనుక, చావు కోదండపాణిది. ఈ విషయంలో పరంజ్యోతికి పాతికేళ్లుగా గొంతులో వెలక్కాయ.

"వాడికి చచ్చే అవకాశం దొరికింది. నాకు బతికే అవకాశమే ఇచ్చాడు" అని కనపడ్డ వాడికల్లా చెప్పుకునేవాడు.

ఇలా చావుబతుకులు సాఫీగా సాగుతుండగా, రాష్ట్ర వినోదపు పన్నుల శాఖ నుంచి తాఖీదు వచ్చింది. ఆ శాఖలో వినోదం తప్ప అన్నీ ఉండేవి.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రేక్షకుడు ఒక టిక్కెట్టు కొని ఒక పద్యమును ఒకసారి మాత్రమే వినుటకు అర్హుడై యుండగా, వన్స్‌మోర్ అను విదేశీ పదముచే అదే పద్యమును పలుమారులు అనుభవించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్టి పునర్వినోదము ప్రతియొకటి విడి ప్రదర్శనగా పరిగణింపబడి పన్ను విధింపబడును. గతకాలపు పునర్వినోదముల బకాయి చెల్లింపని యెడల మీ దర్బారు తెర, అడవి తెర, హార్మోనియము జప్తు చేయబడును."

కోదండపాణి ఇది చదివి, వేషం లేకుండానే చచ్చినంత పని చేశాడు. దర్బారు తెర ఆయన తండ్రి చేత్తో వేసింది. అందులో ఎడమవైపు నాలుగో స్తంభం కాస్త వంకరగా ఉంటుంది. ఆ స్తంభం వేస్తుంటే కోదండపాణి పుట్టాడని కబురొచ్చి కుంచె జారిందట. ఆ తెర లేకపోతే సమాజం లేదు. సమాజం లేకపోతే కోదండపాణి ఎక్కడ చావాలి?

"పన్ను పీకుతారని విన్నాం గానీ, ఇట్టా ప్రాణం పీకడమేంది గురువుగారూ?" అన్నాడు గాబ్రియేలు హార్మోనియాన్ని బిడ్డలా ఒళ్లో పెట్టుకుని.

ఇద్దరూ ప్లీడరు దక్షిణామూర్తి ఇంటికి పరుగెత్తారు. పేరుకు తగ్గ మనిషి. దక్షిణ కనపడందే మూర్తి కనపడడు. ఆయన తాఖీదు చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఏవయ్యా, చివర్న నీ రాజు చస్తాడా, చావడా?"

"చస్తాడండీ."

"చావులో వినోదం ఏముందయ్యా? మొదటిసారే వినోదం లేకపోతే, పునర్వినోదం ఎక్కణ్నుంచి ఊడిపడుద్ది? కేసు నెగ్గాం పో."

"మరి వన్స్‌మోర్లు కొట్టారు కదండీ జనం?"

"మైకు పాడైంది. మొదటిసారి ఎవరికీ వినపళ్లేదు. అందుకని మళ్లీ పాడమన్నారు."

కోదండపాణికి రోషం వచ్చింది. "మైకుతో పనేంటండీ నాకు? నేను గొంతెత్తితే బస్టాండులో కండక్టర్లు విజిలేయడం మానేసి..."

"నోరు ముయ్యి! బస్టాండు మాట కోర్టులో ఎత్తావంటే వాళ్లు నీ తెర ఎత్తుకుపోతారు. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

అది ప్రమాణపత్రం. కోదండపాణి కూడబలుక్కుని చదివాడు. "అర్జీదారుడనైన నేను ప్రమాణపూర్వకముగా విన్నవించునది: నా గానము వలన ఏ ప్రేక్షకునికీ ఏ విధమైన ఆనందమూ కలిగి యుండలేదు. ఒకవేళ కలిగినచో అది నా ఉద్దేశము కాదు."

కలం అందుకున్నాడు. దర్బారు తెర కళ్లముందు మెదిలింది. వంకర స్తంభం మరీ మెదిలింది. కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు.

హైకోర్టులో వాదనలు జరిగిన రోజు కోదండపాణి జీవితంలో మరపురానిది. నలభై ఏళ్లుగా పాడుతున్నా, తన గురించి అంత గొప్పగా మాట్లాడిన మనిషిని ఆయన అంతవరకు ఎరగడు. ఆ మనిషి ప్రభుత్వ ప్లీడరు.

"మహాప్రభో! అర్జీదారు సామాన్య గాయకుడు కాడు. ఆయన కానడ అందుకుంటే రాళ్లు కరుగుతాయి. ఆయన గమకం వేస్తే హాల్లో చంటిపిల్లలు ఏడుపు ఆపి ఊకొడతారు. ఇంతటి ఆనందాన్ని పన్ను లేకుండా పంచిపెట్టడం ఖజానాకు తీరని నష్టం!"

కోదండపాణి కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. లేచి ఆ ప్లీడరు కాళ్లకు దణ్ణం పెట్టబోతే గాబ్రియేలు లాల్చీ పట్టుకుని లాగాడు.

దక్షిణామూర్తి ఎగిరి లేచాడు. "అభ్యంతరం మహాప్రభో! నా కక్షిదారును అకారణంగా పొగుడుతున్నారు! నా కక్షిదారు గొంతు పగిలిన కుండ. ఆయన పాడుతుంటే నాటకం కాదు, నరకం. దానికి వాది సాక్షి రైసుమిల్లు కామేశం."

కామేశం టౌన్‌హాలు ముందువరసలో ప్రాణం పెట్టుకుని బతికే రసికుడు. పద్యం నచ్చితే మైకులో పేరు చెప్పించి మరీ నూటపదహార్లు చదివించే చెయ్యి ఆయనది. తెర కాపాడ్డం కోసం బోనెక్కాడు.

"నిద్రపోయానండీ" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"నిద్రపోయిన మనిషి వన్స్‌మోర్ అని ఎలా అరిచాడు?" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

"కలలో ఇంకో నాటకం చూస్తున్నానండీ."

తీర్పు వెలువడింది. ఘనత వహించిన న్యాయస్థానం వారు సెలవిచ్చింది ఇదీ: వినోదపు పన్ను వినోదం మీద వేసే పన్నే కానీ టిక్కెట్టు మీద వేసేది కాదు. వినోదమనేది మనసులో జరిగే వ్యవహారం. అది ముఖం మీదికి వచ్చేంతవరకు పన్ను పరిధిలోకి రాదు. వచ్చిందని రుజువు చేసే భారం ప్రభుత్వానిది. తన గానంలో ఆనందం లేదని అర్జీదారే ఒప్పుకున్నందున, ఆ సంగతి రికార్డు చేయడమైనది. బకాయిలు కొట్టివేయడమైనది. ఇకమీదట ఏ ప్రదర్శనలోనైనా వినోదం జరిగిందీ లేనిదీ యోగ్యుడైన అధికారి స్వయంగా నిర్ధారించుకోవచ్చు.

ఊళ్లో బాణాసంచా కాల్చారు. టౌన్‌హాలు మెట్లమీద దక్షిణామూర్తి మైకు పట్టుకున్నాడు. "సోదర సోదరీమణులారా! మన కోదండపాణి పాటలో వినోదం లేదని సాక్షాత్తూ హైకోర్టు తేల్చేసింది!" జనం ఈలలు వేశారు. కామేశం గజమాల వేశాడు. మాల మధ్యలోంచి కోదండపాణి ముఖం, పెళ్లి తప్పిపోయిన పెళ్లికొడుకు ముఖంలా బయటికి కనపడింది.

"నెగ్గాం కదా గురువుగారూ, నవ్వండి" అన్నాడు గాబ్రియేలు.

"నవ్వితే పన్నేస్తారేమోరా" అన్నాడాయన.

నోటివాక్కు ఊరికే పోలేదు. తీర్పులోని ఆఖరి వాక్యాన్ని పట్టుకుని ప్రభుత్వం జీవో తీసింది. జీవో అంటే అంతే, జీవుడికి ఓ పట్టాన ఊపిరి ఆడనివ్వదు. దాని ప్రకారం 'జిల్లా వినోద నిర్ధారణాధికారి' అనే పదవి పుట్టింది. ఆ పదవిలోకి ముఖలింగం వచ్చాడు.

ముఖలింగానికి పేరులో ముఖం ఉంది, ముఖంలో ఏమీ లేదు. సున్నం కొట్టిన గోడలా ఉండేది. శాఖ మొత్తం జల్లెడపట్టి ఆయన్ని ఎంపిక చేశారట. సొంత పెళ్లి ఫొటోలో కూడా ఆయన పాస్‌పోర్టు ఫొటోలా ఉన్నాడని పై అధికారులు ముచ్చటపడ్డారు. ఎక్కడో శ్రీకాకుళం వైపు మనిషి, కానీ నోరు తెరిస్తే ఏ జిల్లా భాషా రాదు, సెక్రటేరియట్ భాషే వస్తుంది.

"నాటక సమాజము వారు గమనింపవలెను" అన్నాడు తొలి ప్రదర్శనకు ముందు. "వినోదము ప్రేక్షకుని ముఖమున సంభవించును గనుక, నా కుర్చీ వేదిక అంచున, ప్రేక్షకులకు అభిముఖముగా వేయవలెను."

"అంటే మీకు నాటకం కనపడదు కదండీ?" అన్నాడు కోదండపాణి.

"నాటకముతో శాఖకు సంబంధము లేదు."

అలా ఆ కుర్చీ పడింది. వేదిక మీద రాజు, వేదిక అంచున రాజుకు వీపు పెట్టి సర్కారు. చేతిలో టార్చిలైటు, ఒళ్లో నిబంధనలు. పెదవి కదిలితే హెచ్చరిక. చిరునవ్వుకు మినహాయింపు. పన్ను కనిపిస్తే పన్ను. తల ఊపితే పాక్షిక వినోదం, తాళం వేస్తే సంపూర్ణ వినోదం. కంటనీరు వస్తే అది విషాదమా, విషాదంలో వినోదమా అన్నది పై అధికారుల పరిశీలనకు పంపాలి.

తెర లేచేసరికి హాలంతా పరామర్శకొచ్చినవాళ్లలా కూర్చుని ఉంది. పెదపూడివాడ జనం ఆ తెర జప్తు కాకుండా, ముఖంలో ఏదీ కనపడనివ్వకూడదని కట్టుబడ్డారు. ముందువరసలో కామేశం నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. సోడాలవాడు గోలీ కొట్టడం మానేశాడు, ఆ చప్పుడుకు ఉషారొస్తుందని. కోదండపాణి దర్బారు రంగంలో పద్యం ఎత్తుకున్నాడు. గోడలు విన్నాయి. రెండో పద్యం పాడాడు. గోడలే విన్నాయి. టార్చిలైటు ఒక్కో ముఖం మీదా ఈగలా వాలి లేచిపోతోంది.

చావు రంగం వచ్చింది. కోదండపాణి చచ్చాడు. నిశ్శబ్దం. తెర లాగేవాడు అలవాటు కొద్దీ వన్స్‌మోర్ కోసం చూస్తూ నిలబడిపోయాడు. తెర పడలేదు. కోదండపాణి చచ్చి పడి ఉన్నాడు. ముక్కు దురద పెట్టింది. జీవితంలో మొదటిసారి, చచ్చినవాడు చచ్చినట్టే ఉండటం ఎంత కష్టమో ఆయనకు తెలిసొచ్చింది.

"వినోదము: శూన్యము" అని ముఖలింగం ప్రకటించి, టార్చి ఆర్పేశాడు.

జనం తెరవెనక్కి ఎగబడ్డారు. కామేశం కోదండపాణిని కౌగిలించుకున్నాడు. "ఏం విసిగించావయ్యా కోదండం! నీ గొంతు ఎత్తినప్పుడల్లా మా ఇంట్లో పోయినవాళ్లందర్నీ వరసగా తలుచుకున్నా. అంతదాకా మా మేనత్తను తలుచుకోవాల్సి వస్తుందనుకోలేదు. నువ్వు ఆ కానడలో కిందికి దిగినప్పుడు ఆవిడ కూడా సరిపోలేదనుకో!"

కోదండపాణికి అది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు. మన్నాడు కాఫీ హోటల్లో పక్కబల్ల మీద ఎవరూ చావుల లెక్క చెప్పుకోలేదు. ఇడ్లీ అలాగే వదిలేసి లేచాడు.

పరంజ్యోతి మాత్రం మహా ఉషారుగా ఉన్నాడు. "నీకు తెలిసిందా కోదండం? నా అడవి పద్యానికి కామేశంగారు తువ్వాలు కొరికేశారు. చిరిగిన ముక్క మా ఇంట్లో ఉంది, వచ్చి చూసుకో. నీ పద్యానికి ఊరికే నోట్లో పెట్టుకున్నారు. కొరకలేదు."

"కొరికారు!"

"నమిలారు. కొరకడం వేరు, నమలడం వేరు."

ఇలా వన్స్‌మోర్‌లు పోయి తువ్వాళ్లు వచ్చాయి. ఆ తువ్వాళ్ల మీద శాఖ కన్ను కూడా పడింది. పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. "ప్రేక్షకులు కలిగిన ఆనందమును కలుగనట్లు దాచుకొనుచున్నారు. ఆనందమును దాచుట ఆదాయమును దాచుటతో సమానము." గేటు దగ్గర తనిఖీ పెట్టారు. తువ్వాళ్లు, చేతిరుమాళ్లు, చీరచెంగులు నోటిదాకా వచ్చేంత పొడవుంటే లోపలికి రానివ్వలేదు. పద్యం బాగుంటే ఒళ్లు గగుర్పొడుస్తుందని ఎవరో సలహాదారు చెప్పగా, పూర్తి చేతుల చొక్కాలు నిషేధించారు. ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకుంటే రాసుకోవడానికి ఓ కాంపౌండరును తెచ్చి నడవాలో నిలబెట్టారు. జనం చలికాలంలో పొట్టిచేతుల చొక్కాలతో వచ్చారు. రోమాలు నిక్కాయి. ఇది కానడా, చలా అని తేల్చలేక కాంపౌండరు సెలవు పెట్టాడు.

ఎన్ని చేసినా వసూలు సున్నా. చివరికి శాఖ విసిగిపోయింది. ముఖలింగం వచ్చి కోదండపాణికి చల్లని కబురు చెప్పాడు.

"రాబోవు ప్రదర్శనయందును వినోదము సంభవింపని యెడల, మీ సమాజమునకు శాశ్వత వినోదరహిత ధ్రువపత్రము ప్రసాదింపబడును. తదుపరి మీకు ఆజన్మాంతము పన్ను లేదు, తనిఖీ లేదు, నేను లేను. సదరు పత్రమును హాలు ముఖద్వారమున ప్రేక్షకులకు కనిపించునట్లు వ్రేలాడదీయవలెను."

"అందులో ఏమని ఉంటుందండీ?"

"'ఇచ్చట వినోదము లేదు.' పెద్ద అక్షరములలో."

గాబ్రియేలు ఎగిరి గంతేశాడు. దక్షిణామూర్తి ఫ్రేము కట్టించడానికి కొలతలు తీసుకున్నాడు. కోదండపాణి ఇంటికెళ్లి దర్బారు తెర విప్పి నేలమీద పరిచి, వంకర స్తంభం పక్కన కూలబడ్డాడు. గాబ్రియేలు హార్మోనియం మోసుకుని వెతుక్కుంటూ వచ్చాడు.

"గొంతు పోయిందిరా గాబ్రియేలూ."

"ఏదీ, ఓ షడ్జమం అనండి... బ్రహ్మాండంగా ఉందండీ!"

"పాడ్డానికి ఉంది. వినడానికి లేదు. రేపా బోర్డు తగిలిస్తే తెర దక్కుద్ది. బాగానే ఉంది. దాని ముందు నిలబడే నేను ఎవర్ని? అందులో 'లేదు' అన్నది నన్నే కదా."

గాబ్రియేలు హార్మోనియం మెట్లమీద ఊరికే వేళ్లు ఆడించాడు. కానడ పలికింది.

ఆఖరి పరీక్ష రోజు హాలు కిక్కిరిసింది. పొట్టిచేతులు, ఖాళీ చేతులు, బిగించిన దవడలు. మెరుగు పెట్టిన ఫ్రేములో, ముఖలింగం సంతకం ఒక్కటే బాకీ ఉన్న ధ్రువపత్రం దక్షిణామూర్తి ఒళ్లో సిద్ధంగా ఉంది. ముఖలింగం కుర్చీ అంచున కూర్చున్నాడు, రాజుకు వీపు, జనానికి గోడ.

దర్బారు గడిచింది. అడవి గడిచింది. పరంజ్యోతి పాడుతుంటే వెనకవరసలో ఎవరో ఆవలించారు, అది నిజమైన ఆవలింతో కాదో తేలలేదు. చావు వచ్చింది.

కోదండపాణి ముందుకు నడిచాడు. అందరూ ఆయన్ని చూడకుండా గాల్లోకి చూస్తున్నారు. నవ్వొచ్చింది. ఎవరూ వినకపోతే ఎవరికోసం పాడాలి అనుకున్నాడు. సరే, చచ్చేవాడి కోసమే పాడదాం అనుకున్నాడు. రత్నకేతు రాజ్యం పోగొట్టుకుని ఎలా చచ్చాడో ఆయనకు ఆ పూట మొదటిసారి అర్థమైంది. "నిర్దయ కాలమా!" అన్నాడు, అరవకుండా, ఎదురుగా ఉన్న మనిషిని అడిగినట్టు. కానడ మెల్లగా లేచింది. మైకు దాటింది, కుర్చీ దాటింది, తలుపులు దాటింది. బస్టాండులో కండక్టరు విజిలు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడని తర్వాత చెప్పుకున్నారు.

అప్పుడు జనం వింత ఒకటి చూశారు. పాడేవాడు వేదిక మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. వాళ్లకు ఎదురుగా ఉన్నది ముఖలింగం ముఖం ఒక్కటే. సున్నం గోడలో ఓ బీట కనపడింది. గడ్డం వణికింది. టార్చిలైటు దానంతటదే వెలిగి, ఆయన బూట్ల మీద వాలింది. ముక్కు ఎగబీల్చాడు. ముంజేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ముందువరసలో కామేశం వాటిని కళ్లారా చూశాడు.

కోదండపాణి చచ్చాడు. నిశ్శబ్దం. తెర లాగేవాడు ఈసారి అలవాటు మార్చుకుని తాడు పట్టుకున్నాడు.

"ఆగండహో! ఇంకోపాలి! ఇంకొక్కపాలి పాడండి బాబూ! మా అయ్య మీదొట్టు, ఇలాగ మరెవడూ సచ్చిపోలేడు!"

ముఖలింగం కుర్చీ తన్నేసి లేచి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి వేదిక వైపు తిరిగి నిలబడ్డాడు. సెక్రటేరియట్ భాష ఎటుపోయిందో, నోట్లో శ్రీకాకుళం నిండిపోయి ఉంది. హాలు ఒక్క క్షణం నోరెళ్లబెట్టింది. ఆ వెంటనే, ఇన్నాళ్లుగా దవడల వెనక నిలవపెట్టిన వన్స్‌మోర్‌లన్నీ ఒక్కసారి తెగిపడ్డాయి. టౌన్‌హాలు రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది.

చచ్చిన రాజు లేచి కూర్చున్నాడు. మీసం ఒత్తుకున్నాడు. గాబ్రియేలు వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

"ఆగవయ్యా!" దక్షిణామూర్తి ధ్రువపత్రం ఊపుతూ అరిచాడు. "పాడావంటే నెగ్గిన కేసు ఓడిపోతావ్! అది అధికారిగారి వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే!"

ముఖలింగం కళ్లు తుడుచుకుని, కుర్చీ సరిచేసుకుని, పాత భాషను వెతుక్కున్నాడు. "వినోదము... రుజువైనది. సాక్షి: నేను. నిర్ధారించువాడు: నేను. పన్ను వేయక తప్పదు. క్షమించండి బాబూ."

"వెయ్యండి బాబూ!" అన్నాడు కోదండపాణి. "కడుపునిండా వెయ్యండి! ఎన్ని చావులు చస్తే అన్నీ రాసుకోండి!"

కామేశం అప్పటికే మైకు లాక్కున్నాడు. "ఈ వన్స్‌మోర్ తాలూకు పన్ను, రైసుమిల్లు కామేశం చదివింపులు!" వెనకనుంచి సోడాలవాడు కేక వేశాడు, "తర్వాతి చావు నాది!" దాని తర్వాతిది బస్టాండు కండక్టర్లందరూ కలిసి తీసుకున్నారు. పన్ను కట్టడానికి జనం మైకు దగ్గర తోసుకోవడం చూసి ముఖలింగం మళ్లీ ఏడ్చాడు. ఈసారి శాఖాపరమైన ఆనందం. రాజు చచ్చాడు, లేచాడు, చచ్చాడు. తెర లాగేవాడు తాడు వదిలేసి చప్పట్లు కొట్టాడు.

మన్నాడు కాఫీ హోటల్లో పక్కబల్ల మీంచి వినపడింది. "తొమ్మిది చావులు!" కోదండపాణి ఇంకో ప్లేటు ఇడ్లీ చెప్పాడు. దక్షిణామూర్తి కట్టించిన ఫ్రేము వృథా పోలేదు. అందులో పన్ను నోటీసు పెట్టి హాలు ముఖద్వారాన వేలాడదీశారు. "పై సమాజము వారి ప్రదర్శనయందు తొమ్మిది పర్యాయములు వినోదము సంభవించినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద సర్కారు ముద్ర. కోదండపాణికి జీవితంలో ఏ సన్మానపత్రమూ అంత తీపిగా తోచలేదు. వచ్చే పోయే వాళ్లకు దారి అడ్డమని తెలిసినా, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

అక్కడికే వచ్చాడు పరంజ్యోతి, ముఖం మాడ్చుకుని.

"చూశావా అన్యాయం? నా అడవి పద్యం మీద ఒక్క పైసా పన్ను వెయ్యలేదు! అదే హాలు, అదే అధికారి. నీకు తొమ్మిది, నాకు గుండుసున్నా. ఇది వివక్ష. హైకోర్టుకెళ్తున్నా. నాకూ పన్ను వెయ్యాల్సిందేనని రిట్టు వేస్తున్నా. దక్షిణామూర్తిగారు దక్షిణ కూడా పుచ్చేసుకున్నారు."

"మంచిదే. వెళ్లు."

"సాక్షి కావాలంట." పరంజ్యోతి గొంతు తగ్గించి, కుర్చీ దగ్గరికి జరిగాడు. "కోదండం, పాతికేళ్ల స్నేహం మనది. నువ్వు బోనెక్కి, నా పద్యం వింటే ఆనందం కలుగుద్దని ప్రమాణం చేసి ఒక్క మాట చెప్పు. చాలు."

కోదండపాణి ఫ్రేము వైపు చూశాడు. తర్వాత పరంజ్యోతి వైపు చూశాడు. జాలేసింది. మీసం లేకపోయినా అలవాటు కొద్దీ పై పెదవి ఒత్తుకున్నాడు.

"పరంజ్యోతీ, ఆ కోర్టులో ప్రమాణం చేసి ఒకసారి అబద్ధం చెప్పాను. వన్స్‌మోర్ అనమాకు."